సరుకు దాచడం కాదు, తీయడం

ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, పప్పు వడ్డించేలోపు వచ్చే ప్రశ్న "మీరేం చేస్తుంటారు?" అని. "గోడౌన్లకి సాఫ్ట్‌వేర్ పెడుతుంటానండీ" అంటాను. అవతలాయన "ఓహో" అని పక్కాయన వైపు తిరిగిపోతాడు. మా నాన్నగారైతే పన్నెండేళ్ళయినా ఇంకా మింగలేకపోతున్నారు. "కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసి గోడౌన్‌లో పనేంట్రా, దానికి మన రైసు మిల్లు గుమాస్తా చాలడా?" అంటారు ఫోన్‌లో. నిజం చెప్పొద్దూ, ఈ మధ్య ఆయన మాటలో కొంత నిజముందనే అనిపిస్తోంది. ఆ సంగతే రాద్దామని కూర్చున్నా.

టైర్ల గోడౌన్లు చూశాను, మందులవి చూశాను, చెప్పులవి చూశాను. ఎక్కడికెళ్ళినా యజమాని మొదట అడిగేది ఒక్కటే. "ఇందులో ఎన్ని పాలెట్లు పడతాయి?" నా మటుకు నాకు, ఆ ప్రశ్న మొదట అడిగినవాడు సగం డబ్బు అప్పుడే పోగొట్టుకున్నట్టు. అడగాల్సింది లోపల ఎన్ని పడతాయని కాదు, రేపు పొద్దున బయటికి ఏది, ఎంత, ఏ వరసలో వెళ్ళాలి అని. చెప్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ దీన్ని మర్చిపోయి చేతులు కాల్చుకున్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, నేనూ ఉన్నాను.

డాలస్ దగ్గర మాకు తెలిసిన ఒకాయన ఉన్నారు. పల్నాడు మనిషి. వయసులో నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఊళ్ళో తెలుగువాళ్ళందరం ఆయన్ని అన్నగారనే పిలుస్తాం. ఇండియా నుంచి బియ్యం, పప్పులు, గోధుమపిండి, పచ్చళ్ళు, అగరొత్తులు కంటైనర్లలో తెప్పించి టెక్సాస్, ఓక్లహోమా, లూసియానాల్లోని ఇండియన్ షాపులకి హోల్‌సేల్‌గా వేస్తుంటారు. 2021లో కొత్త గోడౌన్ అద్దెకి తీసుకుని ర్యాకులు వేయించారు. ర్యాకులమ్మే సేల్స్‌మాన్ ఒక డ్రాయింగ్ తెచ్చాడట. మామూలు ర్యాకులైతే 350 పాలెట్లు, ఇవైతే 612. అద్దె అదే, చోటు అదే, సరుకు దాదాపు రెట్టింపు! ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? అన్నగారు ఆ రోజే సంతకం పెట్టేశారు.

ఆ రెండో రకాన్ని డ్రైవ్-ఇన్ అంటారు. తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తా. మామూలు ర్యాకు అంటే పుస్తకాల బీరువా లాంటిది. ప్రతి పాలెట్‌కీ ముందు దారి ఉంటుంది, ఏది కావాలంటే అది లాక్కోవచ్చు. కాకపోతే ప్రతి రెండు ర్యాకుల మధ్యా దారి వదలాలి, కూర్చుని నడిపే ఫోర్క్‌లిఫ్ట్ తిరగాలంటే ఆ దారి పన్నెండడుగులు ఉండాలి. అంటే మీరు కట్టే అద్దెలో సగం గాలికే. డ్రైవ్-ఇన్‌లో ఆ దారులుండవు. సొరంగంలాంటి వరసలుంటాయి. ఫోర్క్‌లిఫ్ట్ ఆ సొరంగంలోకే దూరి, చిట్టచివర మొదటి పాలెట్, దాని ముందు రెండోది, అలా పెట్టుకుంటూ వెనక్కొస్తుంది. అన్నగారి దగ్గర ఒక్కో వరస ఆరు పాలెట్ల లోతు, మూడు పాలెట్ల ఎత్తు. అంటే వరసకి 18. అలాంటివి 34 వరసలు. గుణిస్తే 612. సేల్స్‌మాన్ అబద్ధమేమీ చెప్పలేదు పాపం.

చిక్కెక్కడంటే, చివర పెట్టిన పాలెట్ కావాలంటే ముందున్నవన్నీ తీయాలి. పోనీ పైవరసలో ఒక సరుకు, కిందివరసలో ఒక సరుకు పెట్టుకుందామా అంటే అదీ కుదరదు. బండి నేల మీద నుంచేగా లోపలికి వెళ్ళాలి, కిందివి అడ్డం. కాబట్టి ఒక వరసలో ఒకే సరుకు ఉండాలి. అన్నగారి దగ్గర చూస్తే 640 రకాల సరుకులు. వాటిలో ఒకేసారి 18 పాలెట్లుండేవి పట్టుమని పది లేవు. ఏదో ఒక కందిపప్పు నాలుగు పాలెట్లు వస్తే దానికొక వరస ఇవ్వాలి, మిగతా 14 ఖాళీలూ ఖాళీగానే ఉండాలి. లేదా దాని ముందు ఇంకోటి పెట్టి కందిపప్పుని సమాధి చెయ్యాలి. 34 వరసల్లో 640 రకాలు ఎలా సర్దుతారో మీరే ఆలోచించండి.

2022 చివర్లో ఆయన "తమ్ముడూ, మనదానికి కూడా ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టరాదూ" అంటే ఒక శనివారం వెళ్ళాను. ముందు లెక్కపెడదామని ఇద్దరం టార్చిలైట్లు పట్టుకుని బయల్దేరాం. సాయంత్రానికి తేలింది 297 పాలెట్లు. 612 పట్టే గోడౌన్‌లో 297. "ఇంక చోటు లేదు తమ్ముడూ, బయట ఇంకో షెడ్డు అద్దెకి చూస్తున్నా" అంటున్నారాయన. మామూలు ర్యాకులు వేయించి ఉంటే 350 పట్టేవి, షెడ్డు మాటే వచ్చేది కాదు.

ఆ లెక్కలోనే బయటపడ్డాయి మూడు పాలెట్ల గోధుమపిండి. ఇరవై పౌండ్ల బస్తాలు, దాదాపు 300. ఒక వరస చివర, ముందు కొత్త పిండి, వెనక పాతది. ప్రతిసారీ కొత్త సరుకొస్తే ముందు పెట్టేస్తున్నారు, ముందున్నదే తీసి అమ్మేస్తున్నారు. వెనకున్నది ఎక్స్‌పైరీ దాటి ఏడు నెలలు. ప్లాస్టిక్ కవరు మీద టార్చి వేస్తే లోపల కదులుతోంది. పురుగు. ముందున్న కొత్త పిండికీ, పక్క వరసలోని బొంబాయి రవ్వకీ కూడా అంటుకుంది. అంతకు ముందు వారమే ఓక్లహోమాలో ఒక షాపాయన పురుగుందని మొత్తం ఆర్డరు వెనక్కి పంపాడట. ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం కాక, షాపులోనే పట్టి ఉంటుందని ఆయనతో గొడవ కూడా పెట్టుకున్నారట. అన్నగారు కాసేపు మాట్లాడలేదు. పక్కనున్న కుర్రాడెవడో "సార్, పైన డేట్ స్టిక్కర్..." అని ఏదో అనబోతే కసురుకున్నారు. మొత్తం పిండి, రవ్వ చెత్తకుండీకి పోయింది. ఆ చెత్త ఎత్తినందుకు మళ్ళీ వేరే బిల్లు.

ఇంటికొస్తూ కారులో నాకు మా అమ్మమ్మ వాళ్ళ గాదె గుర్తొచ్చింది. వడ్లు పైనుంచి పోసేవాళ్ళు. తీసేది మాత్రం కింద ఒక చెక్క పలక జరిపి. కింద కంత ఎందుకని చిన్నప్పుడడిగితే "పాతవి ముందు తినాలి కదరా" అంది అమ్మమ్మ. మేము కాలేజీలో క్యూ, స్టాక్ అని రెండు డేటా స్ట్రక్చర్లు వారం రోజులు చదువుకున్నాం. ముందొచ్చింది ముందు పోవడం ఒకటి, చివరొచ్చింది ముందు పోవడం ఒకటి. ఆవిడ ఏ కాలేజీకీ వెళ్ళకుండానే పలక కింద పెట్టించింది.

అలాగని డ్రైవ్-ఇన్ చెడ్డదని నేననడం లేదు. చదరపు అడుగు చాలా ఖరీదైన చోట, ఉదాహరణకి గడ్డకట్టించిన సరుకు పెట్టే ఫ్రీజర్ గోడౌన్లలో, రకాలు తక్కువ, ఒక్కో రకం బోలెడంత ఉంటే అది భేషుగ్గా పనికొస్తుంది. అన్నగారి దగ్గరే బియ్యానికి అది సరిగ్గా సరిపోతుంది. లెక్క చూడండి. కంటైనర్‌లో 1900 బస్తాలు, పాలెట్‌కి వంద చొప్పున 19 పాలెట్లు. పద్దెనిమిదీ ఒక వరసలోకి, మిగిలిన ఒక్కటీ కింద రోజువారీ తీసుకునే చోటికి. ఒకే రోజు వచ్చిన సరుకే కాబట్టి వరసలో ముందువెనకల గొడవ లేదు. నియమం ఒక్కటే, వరస మొత్తం ఖాళీ అయ్యాకే మళ్ళీ నింపాలి. అంటే సరుకుకి కనీసం రెండు వరసలుండాలి, ఒకటి ఖాళీ అవుతుంటే ఇంకొకటి నిండుతూ. ఆ స్తోమత బియ్యానికుంది. ఆవకాయ సీసాలకి లేదు.

ఇదంతా వారం రోజులు స్లైడ్ల మీద చెప్తే అన్నగారికి ఎక్కలేదు. చివరికి ఆయనే అన్నారు. "అంటే గుంటూరు కోల్డ్ స్టోరేజీ లాగా అన్నమాట. మా నాన్న మిర్చి టిక్కీలు పెట్టేవాడు. ధర వచ్చిందనగానే పోతే మన మార్కున్న బస్తాలే మనకియ్యాలి. వెనకున్నాయి, ముందోళ్ళవి తీసినాక రమ్మంటే ఊరుకుంటామా? ధర ఆ రోజే కదా ఉండేది." నాకు అంతకన్నా బాగా చెప్పడం రాదు. 2023 వేసవిలోపు 8 వరసలు బియ్యానికి ఉంచి, మిగతావి పీకించి మామూలు ర్యాకులు వేయించారు. కాగితం మీద 612 ఉన్నది 411 అయింది. ఇప్పుడందులో 360, 370 పాలెట్ల దాకా నిజంగా ఉంటున్నాయి.

సేల్స్‌మాన్ చెప్పని ఇంకో సంగతి. ఇక్కడ పన్నెండడుగుల ఎత్తు దాటి సరుకు పేరిస్తే ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి. నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లకీ సరుకుకీ మధ్య కనీసం 18 అంగుళాలు వదలాలి. పైకప్పు దాకా గుణించుకుని మురిసిపోయేవాళ్ళు ముందే కనుక్కోండి.

ఆ తర్వాత రెండు నెలలకే, 2023 జూలైలో, ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ షాపుల ముందు జనం లైన్లు కట్టి, ఒక్కొక్కరు పది బస్తాలు కారులో వేసుకుపోయిన రోజులవి. అన్నగారి బియ్యం వరసలు మూడు వారాల్లో నున్నగా ఖాళీ. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో గానీ ఎత్తెయ్యలేదు. అన్నాళ్ళూ ఆ 8 వరసల్లో ఏం పెట్టాలో తెలియక మళ్ళీ పాత తిప్పలే. 34 వరసలూ అలాగే ఉండి ఉంటే ఏమయ్యేదో! గోడౌన్ ఇవ్వాళ్టి సరుకుకి కుట్టించిన చొక్కాలా ఉండకూడదు, కొంచెం వదులుగా ఉండాలి. మామూలు ర్యాకు ఖరీదైనట్టు కనిపిస్తుంది గానీ, అందులో ఏదైనా పెట్టుకోవచ్చు.

ఇక్కడిదాకా నేను తెలివైనవాణ్ణి. ఇక నా తప్పు.

ర్యాకులు ఏవి అన్నది సగం ప్రశ్న. ఏ సరుకు ఎక్కడ అన్నది మిగతా సగం. దీనికి రెండు పద్ధతులు. ఒకటి, ప్రతి సరుకుకీ ఒక సొంత చోటు, కిరాణా కొట్టులో లాగా. శెట్టిగారు చీకట్లో కూడా జీలకర్ర డబ్బా తీయగలడు. రెండోది, ఏ ఖాళీ ఉంటే అక్కడ పెట్టు, ఎక్కడ పెట్టావో కంప్యూటర్‌కి చెప్పు. అమెజాన్ గోడౌన్లలో చేసేది ఇదే. ఒకే అరలో బొమ్మ, పుస్తకం, టూత్‌పేస్టు కలిసి ఉంటాయి. చోటు బాగా కలిసొస్తుంది, ఎందుకంటే లేని సరుకు కోసం చోటు అట్టే పెట్టక్కర్లేదు. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఈ పద్ధతంటే ప్రాణం. సరుకంతా మన ప్రోగ్రాం గుప్పెట్లో ఉంటుంది కదా మరి. నేను అన్నగారికి ఇదే పెట్టాను. పెట్టేముందు చూపించిన స్లైడ్లలో ఒక దాంట్లో "పనివాళ్ళ జ్ఞాపకశక్తి మీద ఆధారపడటం తగ్గుతుంది" అని ఒక వాక్యం రాశాను. అలాంటివి ప్రతి క్లయింటుకీ రాస్తాం.

ఆ గోడౌన్‌లో మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దాయన పనిచేస్తాడు. పదకొండేళ్ళుగా. పాత గోడౌన్ నుంచీ ఉన్నాడు. తెలుగు రాదు, హిందీ రాదు. కానీ ఇంగువ, శొంఠి, గోంగూర పచ్చడి ఏవి ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్తాడు. స్కానర్లు వచ్చాక ఆయనకీ కొత్తగా చేరిన కుర్రాడికీ తేడా లేకుండా పోయింది. ఇద్దరూ తెర మీద నంబరు చూసి నడవడమే. రెండు నెలలకి అన్నగారు ఆయన గంటలు తగ్గించారు, వారానికి మూడు రోజులు. నన్నడగలేదు. అడగాల్సిన పనీ లేదు, నా స్లైడు చెప్పేసింది కదా. ఒకరోజు ఆయన నన్ను ఆపి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు, "మీ బియ్యం రోజూ ఇల్లెందుకు మారుతుంది?" అని. నేను నవ్వి ఆల్గోరిథం గురించి ఏదో చెప్పాను.

2023 దీపావళి నవంబరు 12న. షాపులకి సరుకు వెళ్ళేది అక్టోబరులో. సరిగ్గా ఆ వారమే ర్యాకుల మధ్య వైఫై పోవడం మొదలైంది. ఇనుప ర్యాకులు, నిండా నూనె డబ్బాలు, సిగ్నల్ దూరదు. ముందే చూసుకోవాల్సింది నేనే. బయట ట్రక్కులు ఎదురుచూస్తున్నాయి. కుర్రాళ్ళు స్కాన్ చెయ్యకుండా పాలెట్లు తీసి, అడ్డమున్నవి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేశారు. వాళ్ళని తిట్టి లాభం లేదు, ఆ పరిస్థితిలో నేనైనా అదే చేస్తాను. సొంత చోటు పద్ధతిలో ఇలా జరిగితే కంటితో చూసి సర్దుకోవచ్చు, పెసరపప్పు మధ్యలో నెయ్యి డబ్బా కనిపిస్తే ఇది ఇక్కడిది కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కడపడితే అక్కడ పెట్టే పద్ధతిలో తప్పుకీ ఒప్పుకీ తేడా కంటికి కనపడదు. స్కాన్ తప్పిన పాలెట్, గోడౌన్‌లోనే ఉండి లేనట్టే. శనివారానికి 31 పాలెట్లు దొరకలేదు. నెయ్యి, మైదా, బెల్లం, అన్నీ పండగ సరుకులే.

ఆదివారం పొద్దున అన్నగారు ఆ పెద్దాయన్ని పిలిపించారు. ఆయన వచ్చి ఒక్క మాటా అనకుండా టార్చి తీసుకున్నాడు. వెనక నేను కాగితం, పెన్ను. నా కంప్యూటర్ సైన్సంతా ఆ రోజు ఆయన చెప్పిన నంబర్లు రాసుకోవడానికి పనికొచ్చింది. ఆయన వెతికే పద్ధతి చూస్తే మతిపోయింది. ఏ కుర్రాడు ఏ వైపు బండి తిప్పుతాడో, తొందరలో ఉంటే ఎంత ఎత్తు దాకా లేపుతాడో ఆయనకి తెలుసు. దాన్నిబట్టి ఈ పాలెట్ ఇక్కడుండాలి అని వెళ్తున్నాడు. సాయంత్రానికి 23 దొరికాయి.

ఇప్పుడు అక్కడున్నది రెండు పద్ధతుల కలగలుపు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే, నేనే మోజులో పక్కన పెట్టాను. రోజూ కదిలే 80 సరుకులకి కింద, నడుము నుంచి భుజం ఎత్తులోపు, సొంత చోటు. అది మారదు. పైనున్న నిల్వ మాత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, స్కానర్ లెక్కతో. కింద అయిపోతే పైనుంచి దించుతారు. గోడౌన్‌లో ఆర్డరు తీసేవాడి సమయంలో పెద్ద వాటా నడకకే పోతుంది. ఆ 80 సరుకులూ డాక్‌కి దగ్గరగా ఉంటే చాలు, మిగతా 560 ఎక్కడున్నా పెద్దగా నష్టం లేదు. ఏ 80 అన్నది మాత్రం అమ్మకాల లెక్కలో చూడాలి, యజమానికి ఏది ఇష్టమో దాన్నిబట్టి కాదు. అన్నగారికి వాళ్ళ ఊరి కారం ముందుండాలని కోరిక, అది నెలకి మూడు పెట్టెలు కదలదు.

ఆ 80 చోట్లు ఎవరు నిర్ణయించారంటే, ఆ పెద్దాయనా, లెక్కలు చూసే వదినగారూ కలిసి. నేను సరుకుల కొలతలు, బరువులు, అమ్మకాలు అన్నీ పట్టికలో వేసి తీసుకెళ్ళాను. వదినగారు ఒకసారి చూసి, "అగరొత్తుల పక్కన టీ పొడి పెట్టావేంటయ్యా, రేపు టీ తాగితే పూజ చేసినట్టుంటుంది" అన్నారు. నా పట్టికలో వాసనకి గడి లేదు. ఇప్పుడు పెట్టాను.

ఆయన గంటలు మళ్ళీ పూర్తి అయ్యాయి. ఆ వాక్యం రాసింది నేనని ఆయనకి తెలియదు. చెప్పాలని రెండుసార్లు అనుకున్నాను గానీ, చెప్పలేదు.

కిందటి నెల అన్నగారు ఫోన్‌లో ఒక డ్రాయింగ్ పంపారు. హ్యూస్టన్‌లో రెండో గోడౌన్ చూస్తున్నారట. డ్రాయింగ్ మీద పెద్ద అక్షరాలతో "1,100 పాలెట్లు" అని ఉంది. నాకు గుండె ఝల్లుమంది. వెంటనే ఫోన్ చేసి, "అన్నా, ఇందులో గోధుమపిండి ఎక్కడ పెడతారు?" అన్నాను.

నవ్వారు. "అది చూడ్డానికే మీ పెద్దాయన్ని తీసుకుని శనివారం పోతున్నా. నువ్వు కూడా రా తమ్ముడూ. టేపు పట్టుకోడానికి ఒక మనిషి కావాల."